గాడ్‌ఫాదర్ మూడో భాగం: పదహారేళ్ల తర్వాత తెరిచిన బాకీ పద్దు

క్లుప్తంగా: హాలీవుడ్ మాఫియా చిత్రం ‘గాడ్‌ఫాదర్’ మూడో భాగం మొదటి రెండింటి సరసన నిలబడదు. అయితే అందుకు అందరూ చెప్పే కారణం, అంటే దర్శకుడి కూతురి నటన, అసలు కారణం కాదు. రెండో భాగం ఒకే ఒక్క బాకీ మిగిల్చింది: తమ్ముడు సొంత అన్నను చంపించడం. సినిమా ఆ బాకీ దగ్గరికి వెళ్లినప్పుడల్లా బలంగా ఉంది. దాన్ని వదిలి షేర్ల లావాదేవీల వెంట పడినప్పుడల్లా చతికిలపడింది. 2020లో వచ్చిన కొత్త కూర్పు ఈ లోపాన్ని కొంత తగ్గించింది, పూర్తిగా పోగొట్టలేకపోయింది.

విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో ఈ మూడు సినిమాలనూ ఫోన్‌లో, టీవీలో వరసపెట్టి చూస్తున్న కుర్రకారుకు మూడో భాగం దగ్గర రెండు సందేహాలు వస్తాయి. మొదటి రెండింటినీ ఆకాశానికెత్తిన లోకం దీన్ని ఎందుకు తీసిపారేసింది? 1990 నాటి సినిమా, 2020 నాటి కూర్పు రెండూ చలామణిలో ఉన్నాయి కదా, వాటిలో ఏది చూడాలి? రెండో ప్రశ్నకు జవాబు మొదటిదాంట్లోనే ఉంది. కథ ముగింపు చెప్పకుండా ఈ చర్చ నడవదు కాబట్టి, సినిమా ఇంకా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

రెండో భాగం మూసేసిన తలుపు

మారియో పూజో నవల 1969లో వచ్చింది. దాని ఆధారంగా ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా తీసిన మొదటి భాగం 1972లో, రెండోది 1974లో విడుదలయ్యాయి. రెండూ ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెలుచుకున్నాయి. మొదటిదానికి మొత్తం మూడు ఆస్కార్లు, రెండోదానికి ఆరు వచ్చాయి. 1990 క్రిస్మస్ నాడు విడుదలైన మూడోదానికి ఏడు నామినేషన్లు దక్కాయి కానీ ఒక్క అవార్డూ రాలేదు. ఉత్తమ చిత్రం నామినేషన్ దక్కిన సినిమాను చెత్త సినిమా అనడం కుదరదు. దాని ఇబ్బందల్లా ఆ రెండు సినిమాల తర్వాత రావడమే.

మొదటి భాగం ముగిసేసరికి మైకేల్ కోర్లియోని తండ్రి గద్దె ఎక్కుతాడు, భార్య కే ముఖం మీద తలుపు మూసుకుంటుంది. అక్కడ ప్రేక్షకుడికి ఒక ప్రశ్న మిగిలింది. కుటుంబాన్ని కాపాడతానని ఈ దారిలోకి వచ్చినవాడు ఆ కుటుంబాన్ని ఏం చేస్తాడు? రెండో భాగం ఆ ప్రశ్నకు నిర్దాక్షిణ్యంగా జవాబు చెప్పింది. భార్య వెళ్లిపోతుంది. అన్న ఫ్రెడో చెరువు మీద పడవలో చేపలు పడుతూ, తమ్ముడు పంపిన మనిషి చేతిలో చనిపోతాడు. చివరికి మైకేల్ ఒంటరిగా కూర్చుని ఉంటాడు. ఆ షాట్‌తో కథ పూర్తయింది. గెలిచినవాడికి ఇంక గెలవాల్సింది లేదు, పోగొట్టుకోవాల్సిందీ పెద్దగా లేదు.

మొదటి రెండింటి మధ్య విరామం రెండేళ్లే. కానీ రెండో భాగం బాగుండటానికి కారణం తొందరగా రావడం కాదు, దాని ముందు తేలని ప్రశ్న ఉండటం. మూడో భాగానికి పదహారేళ్ల సమయం ఉన్నా అలాంటి ప్రశ్న లేదు. మిగిలింది ఒక్కటే: అన్నను చంపించినవాడు ఆ పాపంతో ఎలా బతికాడు? దీనిమీదే సినిమా మొత్తం కట్టి ఉంటే నిలబడేదేమో. సినిమాలో ఆ కథ ఉంది, బాగా కూడా ఉంది. కానీ దానికి దక్కింది సగం చోటే.

తేదీ ముందు, కథ తర్వాత

కొప్పోలా ఏళ్ల తరబడి మూడో భాగం వద్దంటూ వచ్చారు. 1982లో సొంతంగా తీసిన సంగీత చిత్రం ‘వన్ ఫ్రమ్ ద హార్ట్’ దాదాపు 2.6 కోట్ల డాలర్లు మింగి, బాక్సాఫీసు దగ్గర దారుణంగా దెబ్బతింది. ఆ అప్పులు ఆయన్ని దశాబ్దం పాటు వెంటాడాయి. కిరాయికి సినిమాలు తీసే స్థితికి వచ్చిన దర్శకుడికి పారామౌంట్ స్టూడియో ప్రస్తావన కాదనలేనిదైంది. ఆయనా పూజో కలిసి ‘మైకేల్ కోర్లియోని మరణం’ అన్న అర్థం వచ్చే పేరు పెడదామంటే స్టూడియో ఒప్పుకోలేదు. మూడో అంకె ఉన్న పేరే అమ్ముడుపోతుందని వాళ్ల లెక్క. క్రిస్మస్ విడుదల ఖాయమైంది, రాయడానికీ ఎడిటింగ్‌కూ కావలసినంత వ్యవధి లేకపోయింది.

డబ్బు లెక్కలో స్టూడియో మరీ తప్పలేదు. సుమారు 5.4 కోట్ల డాలర్లు పెడితే ప్రపంచవ్యాప్తంగా 13 కోట్ల పైచిలుకు వచ్చాయి.

ఈలోగా నేర చిత్రాల పద్ధతే మారిపోయింది. అదే 1990 సెప్టెంబరులో మార్టిన్ స్కోర్సేసీ ‘గుడ్‌ఫెల్లాస్’ వచ్చింది. మాఫియాను రాజవంశంలా కాకుండా వీధి రౌడీల బతుకుగా, పరుగులు పెట్టే కెమెరాతో చూపించిన సినిమా అది. ఆ సినిమా చూసిన మూడు నెలలకే జనం కొప్పోలా మందగమనపు విషాదం ముందు కూర్చున్నారు. ఉత్తమ సహాయ నటుడి పోటీలో మూడో భాగం కుర్ర హీరో ఆండీ గార్సియాను ‘గుడ్‌ఫెల్లాస్’ నటుడు జో పెషీ ఓడించాడు. ఆ ఏడాది గాలి ఎటు వీచిందో ఆ ఫలితమే చెప్తుంది. ఆలస్యంగా వచ్చే సీక్వెల్ పాత సినిమాతోనే కాదు, ఆ పాత సినిమాను చూసి పెరిగి ముందుకెళ్లిపోయిన కొత్త సినిమాలతో కూడా పోటీపడాలి.

టామ్ హేగెన్ లేని ఇల్లు

రాబర్ట్ డువాల్ మూడో భాగంలో లేకపోవడం పారితోషికం తగాదా వల్ల. మైకేల్ పాత్రధారి ఆల్ పచీనోకు ఇచ్చేదానికీ తనకు ఇస్తామన్నదానికీ ఉన్న తేడా ఆయనకు నచ్చలేదు. దాంతో ఆయన పోషించిన లాయరు టామ్ హేగెన్ మధ్యకాలంలో చనిపోయినట్టు కథలో చెప్పించారు. ఆ కుర్చీలో జార్జ్ హామిల్టన్ అనే నటుడిని, మరో లాయరు పాత్రలో కూర్చోబెట్టారు. సూట్లు చక్కగా నప్పాయి కానీ పాత్రకు పని లేదు.

దీన్ని రెండో భాగంతో పోల్చి చూడాలి. అప్పుడూ ఇదే సమస్య వచ్చింది. మొదటి భాగంలోని లావుపాటి క్లెమెంజా పాత్ర వేసిన నటుడు రెండోదానికి రాలేదు. కొప్పోలా ఆ చోటును ఊరికే పూడ్చలేదు. ఫ్రాంక్ పెంటాంజెలీ అనే కొత్త మనిషిని సృష్టించి, అతనికి కోపం, భయం, పాతకాలపు నీతి ఇచ్చి, కథలో కీలకమైన సాక్షిగా నిలబెట్టారు. ఆ పాత్ర వేసిన మైకేల్ గాజోకు ఆస్కార్ నామినేషన్ వచ్చింది. నటుడు దూరమైతే సినిమా దెబ్బతినక తప్పదన్న రూలేమీ లేదన్నమాట. కథ రాసుకోవడానికి సమయం, ఓపిక ఉంటే ఆ ఖాళీయే కొత్త బలం కావచ్చు. 1990లో ఆ రెండూ లేవు.

పైగా హేగెన్ ఖాళీ చాలా పెద్దది. మైకేల్‌కు అన్నదమ్ముడి లాంటివాడు, ఇంటి లాయరు, అతనితో ఎదురు మాట్లాడగల ఒకే మగవాడు. నేరానికీ చట్టానికీ నడుమ నిలబడే లాయరు కథకు ఎంత బరువిస్తాడో శ్రీకాకుళంలో పుట్టిన రావిశాస్త్రిని చదివినవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. స్వయంగా న్యాయవాది అయిన ఆయన కథల్లో కోర్టు వరండాలే సగం సమాజాన్ని చూపించేస్తాయి. హేగెన్ ఉండి ఉంటే మైకేల్ పశ్చాత్తాపాన్ని నమ్మాలా వద్దా అని అడిగే గొంతు ఇంట్లోనే ఉండేది. అది లేక మైకేల్ తన బాధ తానే పదేపదే చెప్పుకోవలసి వచ్చింది. మొదటి రెండింటిలో మైకేల్ మౌనమే భయపెట్టేది. మూడోదానిలో అతను మాటకారి అయిపోయాడన్న విమర్శకు మూలం ఇక్కడుంది.

ముఖం లేని నేరం

మొదటి భాగం ఒక చీకటి గదిలో మొదలవుతుంది. అంత్యక్రియల ఏర్పాట్ల వ్యాపారం చేసే బొనసేరా తన కూతురికి జరిగిన అన్యాయం చెప్పుకుని, కోర్టు ఇవ్వని న్యాయం మైకేల్ తండ్రి విటో కోర్లియోనిని అడుగుతాడు. రెండో భాగంలో యువకుడైన విటో దగ్గరికి ఒక వితంతువు వస్తుంది. పెంపుడు కుక్క ఉందని ఇంటి యజమాని ఆమెను ఖాళీ చేయమంటున్నాడు. ఈ రెండు సన్నివేశాలూ ఉత్తరాంధ్ర పల్లెల్లో ఎవరికీ కొత్తగా అనిపించవు. తగువు తీసుకుని స్టేషన్‌కు కాక పెద్దమనిషి అరుగు దగ్గరికి వెళ్లడం, తీర్పు దొరికాక ఆయనకు జీవితాంతం కట్టుబడి ఉండటం ఇక్కడా చూసినవే. నేరసామ్రాజ్యానికి పునాది తుపాకీ కాదు, ఆ కట్టుబాటు. కొప్పోలా మొదటి రెండు సినిమాల్లో దాన్ని చూపించిన తీరు వల్లే భాష తెలియని చోట కూడా అవి అర్థమయ్యాయి.

మూడో భాగంలో అలాంటి మనిషి ఒక్కడూ రాడు. సాయం అడిగేవాడు ఆర్చిబిషప్ గిల్డే. అతని చేతుల్లో ఉన్న వాటికన్ బ్యాంకు ఖాతాల్లో కోట్ల డాలర్ల లోటు. మైకేల్ 60 కోట్ల డాలర్లు పెట్టి ఇమ్మొబిలియారె అనే ఆస్తుల కంపెనీ మీద పట్టు సంపాదించి, కుటుంబ వ్యాపారాన్ని పూర్తిగా చట్టబద్ధం చేసుకోవాలనుకుంటాడు. కథ 1979లో మొదలవుతుంది. విజయనగరం జిల్లాగా ఏర్పడింది కూడా ఆ ఏడాదే కాబట్టి ఇక్కడి పాఠకులు కాలాన్ని సులువుగా పోల్చుకోవచ్చు.

ఈ ఎత్తుగడకు వెనక నిజమైన చరిత్ర ఉంది. 1978లో పోప్ మొదటి జాన్ పాల్ పదవి చేపట్టిన 33 రోజులకే కన్నుమూశారు. 1982లో వాటికన్ బ్యాంకుతో సంబంధాలున్న ఇటలీ బ్యాంకు బాంకో అంబ్రోసియానో కుప్పకూలింది. దాని అధిపతి రొబెర్తో కాల్వి శవం లండన్‌లోని బ్లాక్‌ఫ్రయర్స్ వంతెన కింద వేలాడుతూ కనిపించింది. సినిమా ఈ ఘటనలను తనకు కావలసినట్టు కలిపి, జరిపి వాడుకుంది. పైకి ఎంత ఎక్కితే అంత కుళ్లు కనబడుతుందన్న ఆలోచన మంచిదే, అసలు ఈ కథకు సహజమైన తర్వాతి మెట్టు అదే.

కానీ తెరకు ఎక్కించడంలో చిక్కు వచ్చింది. బోర్డు మీటింగులు, ఓట్లు, సంతకాలు, ఎవరి వాటా ఎంతన్న వాదనలు. ఎవరు ఎవరికి ఏం బాకీ పడ్డారో రెండోసారి చూస్తే తప్ప తెలియదు. బొనసేరా బాధ ఒక్క నిమిషంలో అర్థమవుతుంది, గిల్డే లోటు అరగంట గడిచినా ఎవరి మీదా కోపం తెప్పించదు. నష్టపోయిన సామాన్యుడి ముఖం తెర మీద లేకపోతే ఆర్థిక నేరం ప్రేక్షకుడికి నేరంలా తగలదు. అట్లాంటిక్ సిటీలో హెలికాప్టర్ నుంచి కాల్పులు జరిపించే సన్నివేశం ఈ చప్పదనానికి విరుగుడుగా పెట్టినట్టుంది. అది ఈ సిరీస్‌ది కాని మరేదో యాక్షన్ సినిమా ముక్కలా అతికీ అతకనట్టు ఉండిపోయింది.

ఇదే సినిమాలో కార్డినల్ లాంబెర్తో ముందు మైకేల్ పాపం ఒప్పుకునే ఘట్టం కూడా ఉంది. కార్డినల్ నీటి తొట్టిలోంచి ఒక రాయి తీసి పగలగొట్టి చూపిస్తాడు. ఎంతకాలం నీళ్లలో నానినా లోపల పొడిగానే ఉంది, యూరప్‌లో క్రైస్తవమూ అంతే అంటాడు. ఆ మాటతో మెత్తబడ్డ మైకేల్ నోటి నుంచి, మా అమ్మ కొడుకును, మా నాన్న కొడుకును చంపించానన్న నిజం బయటికొస్తుంది. కంపెనీ లేదు, షేర్లు లేవు, ఫ్రెడో ఉన్నాడు. మూడు సినిమాలు కలిపి ఎంచినా మేటి సన్నివేశాల్లో దీనికి చోటుంటుంది. పలెర్మోలోని తెయాత్రో మాస్సిమోలో సంగీత నాటకం (ఒపేరా) నడుస్తుండగా హత్యలు జరిగే చివరి భాగమూ అంతే. మెట్ల మీద కూతురు మేరీ తండ్రికి తగలాల్సిన తూటాకు పడిపోతుంది. మైకేల్ నోరు తెరిచి అరుస్తాడు, శబ్దం రాదు, సంగీతం మాత్రమే వినిపిస్తుంది. ఎడిటర్ వాల్టర్ మర్చ్ ఆ అరుపును నొక్కేసి ఉంచడం వల్ల దాని బరువు ఎన్నో రెట్లు పెరిగింది.

నింద ఎవరి మీద పడింది

మేరీ పాత్రకు మొదట తీసుకున్నది వినోనా రైడర్‌ను. చివరి నిమిషంలో ఆమె అనారోగ్యంతో తప్పుకున్నారు. కొప్పోలా తన కూతురు సోఫియాను పెట్టారు. అప్పటికి ఆమెకు 18 ఏళ్లు. మొదటి భాగంలో జ్ఞానస్నానం చేయించిన పసిబిడ్డ కూడా ఈమే. పత్రికలు ఉతికి ఆరేశాయి, చెత్త నటనకు ఇచ్చే ‘రాజీ’ (గోల్డెన్ రాస్ప్‌బెరీ) అవార్డులు రెండు అంటగట్టారు. పచ్చిగా ఉన్న నటనే, కాదనలేం. ప్రేమ సన్నివేశాల్లో మాటలు అప్పగించినట్టున్నాయి. కానీ ఏమీ తెలియని పిల్ల అన్న భావన పాత్రకు అవసరమే, అది ఆమెలో ఉంది. ఇంకో నటి ఉన్నా ఇమ్మొబిలియారె గందరగోళం తీరేది కాదు, హేగెన్ తిరిగొచ్చేవాడు కాదు. కనబడే తప్పు చూపించడం సులువు కాబట్టి నింద అటు పోయింది. సోఫియా తర్వాత దర్శకురాలై, 2003లో వచ్చిన ‘లాస్ట్ ఇన్ ట్రాన్స్‌లేషన్’ స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ అందుకున్నారు.

1909 నాటి కూర్పు, 2020 నాటి కూర్పు

2020 డిసెంబరులో కొప్పోలా మూడో భాగాన్ని మళ్లీ ఎడిట్ చేసి విడుదల చేశారు. ముప్పై ఏళ్ల కిందట కోరుకున్న పేరు ఇప్పుడు పెట్టుకోగలిగారు. సినిమా ఐదు నిమిషాల లోపే తగ్గింది, కానీ మొదలూ చివరా మారాయి. పాతదానిలో చర్చిలో మైకేల్‌కు బిరుదు ఇచ్చే వేడుక ముందు వచ్చేది. కొత్తదానిలో ఆర్చిబిషప్ గిల్డే సాయం అడిగే దృశ్యంతోనే కథ మొదలవుతుంది. మొదటి భాగంలో బొనసేరా కూర్చున్న చోట ఇప్పుడు మతగురువు కూర్చున్నాడన్నమాట. ఈ ఒక్క మార్పుతో డబ్బు వ్యవహారం కొంత తేటపడింది, సిరీస్‌తో ముడి కూడా పడింది. ముగింపులో ముసలి మైకేల్ కుర్చీలోంచి ఒరిగిపోయే షాట్ తీసేశారు. పేరులో మరణం ఉంది, తెర మీద లేదు. చావు కూడా దక్కకుండా ఏళ్లకేళ్లు బతకడమే శిక్ష అన్నది దర్శకుడి ఉద్దేశం.

రచయిత తన పనిని మళ్లీ చేతిలోకి తీసుకోవడం విజయనగరానికి తెలిసిన సంగతే. గురజాడ ‘కన్యాశుల్కం’ ఇదే ఊళ్లో 1892లో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది, 1909లో రెండో కూర్పు వచ్చింది. తెలుగువాళ్లు ఈరోజు తలుచుకునే కన్యాశుల్కం ఆ రెండోదే. గురజాడ అక్కడ సవరణలతో ఆగలేదు. మధురవాణిని పెంచి, సంభాషణలు తిరగరాసి, దాదాపు కొత్త నాటకం కట్టారు. ఆయనకు కాగితం, కలం చాలు. కొప్పోలా చేతిలో ఉన్నది 1990లో తీసిన ఫిల్మే. లేని డువాల్‌ను తేలేరు, సోఫియా వాక్యాలను ఇంకోలా పలికించలేరు, సామాన్యుడి తగువు ఒకటి కొత్తగా రాసి చేర్చలేరు. వరస మార్చగలరు, కత్తిరించగలరు. 2020 కూర్పు మెరుగైనదే అయినా కొత్త సినిమా కాకపోవడానికి కారణం ఇది.

రెండు రాత్రుల్లో చూసేవాళ్ల తీర్పు

1990లో అమెరికా ప్రేక్షకుడు పదహారేళ్లు ఎదురుచూసి థియేటర్‌కు వెళ్లాడు. ఆ నిరీక్షణలో మొదటి రెండు సినిమాలూ అతని మనసులో ఇంకా పెద్దవైపోయాయి. ఇప్పుడు రాజాంలోనో పలాసలోనో చూసే కాలేజీ కుర్రాడికి ఆ టెన్షన్ లేదు. రెండు రాత్రుల్లో మూడూ అయిపోతాయి. కాబట్టి అంచనాల భారం తగ్గుతుంది, ఇంకోటి పెరుగుతుంది. రెండో భాగంలో 34 ఏళ్ల పచీనో, మరుసటి సాయంత్రం నెరిసిన పొట్టి క్రాపుతో 50 ఏళ్ల పచీనో, అదీ అరవైకి దగ్గరపడ్డ పాత్రలో. కళ్లు లోతుకుపోయి, షుగరు జబ్బుతో నీరసపడిన ఆ ముఖం మేకప్‌తో మాత్రమే వచ్చేది కాదు. ఆలస్యంగా తీసే సీక్వెల్‌కు మాత్రమే దొరికే సరుకు నటుడి నిజమైన వయసు. మూడో భాగం దాన్ని బాగా వాడుకుంది. వరసగా చూసేవాళ్లు ఈ సినిమా పట్ల పాత విమర్శకుల కంటే కాస్త దయగా ఉండటానికి ఇదొక కారణం కావచ్చు. ఇమ్మొబిలియారె దగ్గర కునుకు తీసేది మాత్రం అప్పటివాళ్లూ ఇప్పటివాళ్లూ ఒకటే.

మన తెరమీద

రామ్‌గోపాల్ వర్మ 1993లో తీసిన ‘గాయం’లో కూడా, నేరానికి దూరంగా ఉన్న తమ్ముడు అన్న కోసం ఆ ప్రపంచంలోకి దిగుతాడు. ‘గాయం 2’ 2010లో, పదిహేడేళ్ల తర్వాత, మరో దర్శకుడి చేతిలో వచ్చింది. హీరో దుర్గ విదేశంలో వేరే బతుకు బతుకుతుంటాడు, పాత శత్రువులు వెతుక్కుంటూ వస్తారు. మొదటి సినిమా బలం హైదరాబాద్ గల్లీల రాజకీయం. దాన్నుంచి హీరోను దూరం చేశాక పేరొకటే మిగిలింది. గాడ్‌ఫాదర్ ప్రభావాన్ని బాహాటంగా ఒప్పుకున్న వర్మ హిందీ చిత్రం ‘సర్కార్’ 2005లో, ‘సర్కార్ రాజ్’ 2008లో వచ్చాయి. రెండోదానిలోనే కొడుకు శంకర్ చనిపోయాడు. 2017 నాటి ‘సర్కార్ 3’లో ముసలి సర్కార్‌కు ఎదురు నిలిచే బరువైన మనిషి లేడు. హేగెన్ సమస్యే మళ్లీ వచ్చింది.

‘భారతీయుడు’ విషయంలో కాలమే అడ్డం తిరిగింది. 1996 సినిమా ముగింపులో సేనాపతి బతికే ఉన్నాడని చూపించారు, తలుపు తెరిచే ఉంచారు. కానీ స్వాతంత్ర్య పోరాటంలో పాల్గొన్న మనిషి 2024లో తిరిగొస్తే వయసు వందేళ్లు దాటాలి. పచీనో వయసు కథకు సాయపడింది, సేనాపతి వయసు జోకులకు పనికొచ్చింది.

వీటన్నిటికీ ఎదురుగా ‘దృశ్యం’ ఉంది. తెలుగులో మొదటిది 2014, రెండోది 2021. శవం ఎక్కడ పాతిపెట్టారో ప్రేక్షకుడికి తెలుసు, పోలీసులకు తెలియదు. ఆ రహస్యం ఏళ్లు గడిచేకొద్దీ పాతబడదు, ఇంకా బరువెక్కుతుంది. రెండో భాగం కథంతా ఆ గడిచిన కాలం మీదే నడిచింది: కుటుంబం ఎన్నేళ్లు భయంతో బతికింది, పోలీసులు ఎన్నేళ్లు ఓపిక పట్టారు. గాడ్‌ఫాదర్ మూడోదానికీ అలాంటి పాతిపెట్టిన శవం ఒకటి ఉంది, ఫ్రెడోది. దానిచుట్టూ తిరగాల్సిన సినిమా రోమ్ బోర్డు రూముల వైపు వెళ్లిపోయింది.

నాలుగో భాగం గురించి కొప్పోలా, పూజో మాట్లాడుకున్నారు. 1999లో పూజో మరణంతో ఆ ప్రస్తావన ఆగిపోయింది. ఇక ఏది చూడాలన్న ప్రశ్న. మొదటి రెండూ ఈమధ్యే చూసినవాళ్లకు 2020 కూర్పే మేలు. గిల్డే దృశ్యంతో మొదలవడం వల్ల వాళ్లకు కథ తొందరగా పట్టుబడుతుంది. సినిమా ఎందుకు తిట్లు తిన్నదో తెలుసుకోవాలనుకునేవాళ్లు 1990 నాటిది కూడా చూడొచ్చు, కనీసం మొదటి అరగంట, చివరి ఐదు నిమిషాలు. మధ్యలోది రెండింటిలోనూ దాదాపు ఒకటే.